వూపిరి బిగపట్టే ఏసీ!

మన ఇంట్లో ఏసీ పాడైతే ఆ రాత్రి నిద్ర పట్టదు. మెకానిక్‌కి ఫోన్‌ చేస్తాం, ఫ్యాన్‌ వేసుకుని పడుకుంటాం. అంతకుమించి నష్టమేమీ లేదు. అదే, నడిసముద్రంలో గ్యాస్‌ తీసే ప్లాట్‌ఫామ్‌ మీదైతే..? అక్కడ ఏసీ పాడవడం సంగతి అటుంచండి, ఒక్కోసారి బాగా పనిచేసినా ప్రమాదమే! ఆగాల్సిన క్షణంలో ఆగకుండా తిరుగుతూనే ఉంటే మొత్తం ప్లాట్‌ఫామ్‌కే ముప్పు తెస్తుంది. అందుకే అక్కడి ఏసీకి గాలిని చల్లబరచడం, వెచ్చబరచడంతోపాటు మరో విద్య కూడా నేర్పుతారు. అదే... వూపిరి బిగపట్టడం.

కోనసీమ తీరంలో చేపలవేటకు వెళ్లేవారిని అడిగితే చెబుతారు, చీకటిపడ్డాక సముద్రంలో దూరంగా కనిపించే దీపాల గురించి. రవ్వ క్షేత్రంలోనూ కాకినాడకు ఎదురుగా కేజీ-డీ6లోనూ నీళ్లలో ఉక్కుకాళ్లమీద నిలబెట్టిన ప్లాట్‌ఫామ్‌లున్నాయి. ప్రపంచంలో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. కొన్నింటిమీద మనుషులుండరు, పరికరాలే ఉంటాయి. పెద్దవి మాత్రం చిన్నసైజు వూళ్లే. ఓ పక్క సముద్రగర్భం నుంచి తోసుకొచ్చే గ్యాస్‌ను శుద్ధిచేసే గొట్టాలూ ట్యాంకులూ కంప్రెసర్లూ. మరోపక్క కంట్రోల్‌ రూము, వంటగది, భోజనాల హాలు, పడకగదులు, పైన హెలికాప్టర్‌ దిగే చోటు. ఉద్యోగులు వారాల తరబడి అక్కడే పనిచేసి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు.

అంటే... ఇటువైపు ఇట్టే మండిపోయే వాయువు. దానికి పదుల మీటర్ల దూరంలోనే పొయ్యిలూ ఫ్రిజ్‌లూ కంప్యూటర్లూ లైటు స్విచ్చులూ. ఈ రెండు ప్రపంచాలూ ఒకదాన్నొకటి తాకకుండా ఆపుతున్నది ఏమిటని అడిగితే చాలామంది గోడ అనే చెబుతారు. ఇంజినీర్లు మాత్రం గాలి అంటారు.

అయిదు మిల్లీమీటర్ల కోట

ప్లాట్‌ఫామ్‌ మీద మనుషులు మసిలే గదుల్లోకి ఏసీ వ్యవస్థ బయటినుంచి గాలిని పీల్చి, ఉప్పునీ తేమనీ వడకట్టి పంపిస్తుంది. బయటికి పోయే గాలికన్నా కాస్త ఎక్కువే నింపుతుంది. దాంతో లోపలి పీడనం బయటికన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా ఎంతో తెలుసా? సుమారు 50 పాస్కల్స్‌. ఇంకోలా చెప్పాలంటే, స్ట్రాలోకి నీళ్లను అయిదు మిల్లీమీటర్ల ఎత్తుకు లాగడానికి పెట్టే బలం. పసిపిల్లలు కూడా లాగేస్తారు.

అయినా అదే వాళ్ల కోటగోడ. ఎందుకంటే తలుపు సందులోంచైనా, కేబుల్‌ దూర్చిన కన్నంలోంచైనా గాలి లోపలినుంచి బయటికే పోతుంది తప్ప బయటిది లోపలికి రాదు. బయటెక్కడో చిన్న లీకు ఉన్నా ఆ గ్యాస్‌ గదుల్లోకి చొరబడలేదు. ఈ పీడనం జారిపోకుండా గ్యాస్‌ యంత్రాలవైపు వెళ్లేచోట ఒకటికి రెండు తలుపులు పెడతారు. మొదటిది మూశాకే రెండోది తెరవాలి. యంత్రాలుండే మూసిన గదుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ బయటికి తోడేసేదే ఎక్కువ. లోపల గ్యాస్‌ లీకైతే అక్కడే పోగుపడకుండా ఎప్పటికప్పుడు పలచబడి బయటికి పోవాలన్నమాట.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, భూగర్భం నుంచి వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం మీథేనే. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మన వంటింటి సిలిండర్‌ లీకైతే ముక్కు పసిగట్టేది ఇథైల్‌ మెర్కాప్టన్‌ అనే రసాయనం కంపునే. దాన్ని తర్వాత కలుపుతారు. సముద్రంలో అప్పుడే పైకి వచ్చిన గ్యాస్‌కి ఆ గుర్తు ఉండదు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య చేరిందంటే చాలు, చిన్న నిప్పురవ్వకి భగ్గుమంటుంది. 2014 జూన్‌ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్‌ అంటుకుంటే ఏం జరిగిందో మనకు తెలుసు. 20మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ పరిగెత్తడానికి పొలాలైనా ఉన్నాయి. ప్లాట్‌ఫామ్‌ చుట్టూ ఉన్నది సముద్రం.

గీజరూ... చన్నీళ్ల కుళాయీ!

ఇక రోజువారీ పని. మన బంగాళాఖాతంలో అసలు శత్రువు వేడికన్నా తేమ. ఉప్పుతో కలిసిన ఆ తేమ గదుల్లో చేరితే సర్క్యూట్‌ బోర్డులు తుప్పుపడతాయి. సముద్రం పక్కన ఇల్లున్నవాళ్లకు ఏసీ అవుట్‌డోర్‌ యూనిట్‌ రెండుమూడేళ్లకే ఎలా తయారవుతుందో చెప్పక్కర్లేదు. తేమ పోవాలంటే గాలిని గదికి కావాల్సినదానికన్నా బాగా చల్లబరచాలి. అప్పుడు చల్లని గ్లాసుమీద పట్టినట్టు నీళ్లు పట్టి కారిపోతాయి. కానీ అంత చల్లటి గాలిని అలాగే పంపితే కంట్రోల్‌ రూములో కూర్చున్నవాళ్లు వణికిపోతారు. అందుకని మళ్లీ హీటర్‌తో కాస్త వెచ్చబెట్టి పంపుతారు. స్కాట్లాండ్‌, నార్వేల మధ్య ఉన్న నార్త్‌ సీలో కథ వేరు. అక్కడ చలికాలంలో వేడిచేయడమే ప్రధానం. అయినా కంప్యూటర్లూ విద్యుత్‌ పరికరాలూ ఉన్న గదులకు ఆ చలిలోనూ చల్లదనం కావాలి.

అంటే ఎక్కడైనా వేడిచేసే యంత్రం, చల్లబరిచే యంత్రం పక్కపక్కనే ఉంటాయి. రెండిటికీ వేర్వేరు కంట్రోళ్లు పెట్టి ఎవరిదారి వారిదన్నట్టు వదిలేస్తే ఏమవుతుంది? స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయి ఒకరు, చన్నీళ్ల కుళాయి ఒకరు తిప్పుతున్నట్టే ఉంటుంది. ఇతను వేడెక్కువైందని చన్నీళ్లు పెంచుతాడు, అతను చల్లబడిందని వేడినీళ్లు పెంచుతాడు. నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి, బకెట్‌ మాత్రం పొర్లిపోతుంది. ప్లాట్‌ఫామ్‌ మీద పొర్లిపోయేది కరెంటు. దాన్ని అక్కడే గ్యాస్‌ మండించి పుట్టించుకోవాలి. కాబట్టి రెండిటినీ ఒకే మెదడు కిందికి తేవాలి. వేడి మొదలయ్యే స్థాయికీ చలవ మొదలయ్యే స్థాయికీ మధ్య కాస్త ఎడం ఉంచాలి.

దీనివల్ల మిగిలేది డబ్బు. అసలు పరీక్ష వేరే ఉంది. గాలి పీల్చడమే ప్రమాదమైన రోజున ఈ యంత్రం ఎవరి మాట వింటుంది? ఆ ప్రశ్నకు జవాబు కోసం పరిశ్రమ చాలా పెద్ద మూల్యమే చెల్లించింది.

ఆ రాత్రి పైపర్‌ ఆల్ఫాలో...

1988 జులై 6. నార్త్‌ సీలో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌ నగరానికి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్న పైపర్‌ ఆల్ఫా ప్లాట్‌ఫామ్‌. రాత్రి పది గంటలవుతోంది. మరమ్మతు కోసం భద్రతా కవాటాన్ని తీసేసిన ఓ పంపును, ఆ సంగతి తెలియని షిఫ్టు సిబ్బంది నడిపారు. గ్యాస్‌ లీకై పేలింది. మంటలు చమురుకు అంటుకున్నాయి. ఇరవై నిమిషాల తర్వాత పక్క ప్లాట్‌ఫామ్‌ నుంచి గ్యాస్‌ తెచ్చే పెద్ద గొట్టం పగిలింది. ఆ రాత్రి ప్లాట్‌ఫామ్‌ మీద ఉన్న 226మందిలో 61మందే బతికారు. సహాయానికి వెళ్లిన ఇద్దరితో కలిపి మృతులు 167మంది.

చాలామందికి తెలియని విషయమేంటంటే... చనిపోయినవారిలో అత్యధికులను చంపింది మంట కాదు, పొగ! ప్రమాదం జరిగితే నివాస గదుల్లో చేరి హెలికాప్టర్‌ కోసం ఎదురుచూడాలన్నది వాళ్లకిచ్చిన శిక్షణ. అలాగే చేశారు. పదులమంది భోజనాల హాలు చుట్టుపక్కల గుమిగూడారు. ఆ పొగలో హెలికాప్టర్‌ దిగే అవకాశమే లేదు. పొగ మెల్లగా లోపలికీ వచ్చేసింది. తడి తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, నేలమీద పాక్కుంటూ గాలికోసం వెతుక్కున్నారు. బతికినవాళ్లలో చాలామంది, చెప్పినట్టు ఆగకుండా బయటపడి, అంతెత్తు నుంచి సముద్రంలోకి దూకో తాళ్లు పట్టుకుని దిగో ప్రాణాలు దక్కించుకున్నవాళ్లే.

విచారణ జరిపిన లార్డ్‌ కలెన్‌ 1990 నవంబరులో 106 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు. పరిశ్రమ వాటన్నింటినీ అంగీకరించింది. వాటిలో కీలకమైనది... ప్రతి ప్లాట్‌ఫామ్‌ మీదా ప్రమాదవేళ తలదాచుకోవడానికి ఓ సురక్షిత స్థలం ఉండాలన్నది. గోడలు మంటను తట్టుకుంటే సరిపోదు, పొగా గ్యాసూ లోపలికి రాకూడదు. అందుకోసం గాలి లోపలికి వచ్చే మార్గాల దగ్గరే పొగనూ గ్యాస్‌నూ పసిగట్టే పరికరాలుండాలి. అవి హెచ్చరించగానే గాలి పంపే వ్యవస్థ ఆగి, దాని తలుపులు మూసుకోవాలి. అలా ఏసీకీ అలారానికీ ముడిపడింది. సౌకర్యాల జాబితాలో ఉన్న ఏసీ, ప్రాణరక్షణ పరికరాల జాబితాలోకి చేరింది.

లైట్లు ఎందుకు వెలిగిపోయాయి?

ఆ పాఠం అన్నిచోట్లా ఒకేలా అమలు కాలేదని 22 ఏళ్ల తర్వాత తేలింది. ఈసారి అమెరికా దగ్గర గల్ఫ్‌ ఆఫ్‌ మెక్సికోలో. 2010 ఏప్రిల్‌ 20 రాత్రి డీప్‌వాటర్‌ హొరైజన్‌ అనే డ్రిల్లింగ్‌ రిగ్‌ మీద. సుమారు 1500 మీటర్ల లోతు నీళ్లలో తవ్విన బావి అదుపు తప్పింది. గ్యాస్‌ ఎగజిమ్మి రిగ్‌ అంతటా కమ్ముకుంది. అప్పటికి నిప్పు లేదు. ఆ గ్యాస్‌ గాలి మార్గాల గుండా కరెంటు పుట్టించే ఇంజిన్ల గదుల్లోకి వెళ్లింది.

ఇంజిన్‌కి కావాల్సింది ఇంధనమూ గాలీ. డీజిల్‌ తగ్గిస్తే ఇంజిన్‌ వేగం తగ్గుతుంది. కానీ పీల్చే గాలిలోనే ఇంధనం ఉంటే? ఎవరూ తొక్కకుండానే యాక్సిలరేటర్‌ పూర్తిగా నొక్కినట్టే. ఇంజిన్లు వూళలు వేస్తూ వేగం అందుకున్నాయనీ, లైట్లు అంతకంతకూ వెలిగిపోయి పేలిపోయాయనీ రిగ్‌ మీద ఎలక్ట్రానిక్స్‌ విభాగం ప్రధాన టెక్నీషియన్‌గా పనిచేసిన మైక్‌ విలియమ్స్‌ తర్వాత చెప్పాడు. ఆ వెంటనే పేలుళ్లు. 126మందిలో 11మంది చనిపోయారు. రిగ్‌ మునిగిపోయింది. బావి నుంచి చమురు 87 రోజులపాటు సముద్రంలోకి కారింది.

బీపీ సంస్థ 2010 సెప్టెంబరులో వెలువరించిన దర్యాప్తు నివేదిక ఎనిమిది వైఫల్యాలను గుర్తించింది. వాటిలో ఒకటి, నిప్పు అంటుకోకుండా గ్యాస్‌ హెచ్చరిక వ్యవస్థ ఆపలేకపోవడం. గ్యాస్‌ను ఇంజిన్‌ గదుల్లోకి చేరవేసింది అక్కడి గాలి వ్యవస్థే కావచ్చని నివేదిక చెప్పింది. గ్యాస్‌ పసిగట్టగానే ఆ ఫ్యాన్లు వాటంతటవి ఆగేలా, గాలి మూతలు మూసుకునేలా అమర్చలేదు. ఎవరో ఒకరు చేత్తో ఆపాలి. అంత తెలివితక్కువగా ఎందుకు పెట్టారు అనిపిస్తుంది కదూ! కారణం ఉంది. ఆ రిగ్‌కి లంగరు లేదు. కింద ఉన్న ప్రొపెల్లర్లు నిరంతరం తిరుగుతూ దాన్ని బావిపైనే నిలబెట్టాలి. ఏ తప్పుడు అలారానికో ఇంజిన్లకు గాలి ఆగి కరెంటు పోతే, రిగ్‌ పక్కకి కొట్టుకుపోతుంది. అదీ ప్రమాదమే. రెండు ప్రమాదాల్లో ఒకదాన్ని తప్పించుకునేందుకు రెండోదాన్ని మనిషి చేతికి వదిలారు. గ్యాస్‌ కమ్ముకున్న ఆ కొద్ది నిమిషాల్లో మనిషి చెయ్యి కదల్లేదు.

ఇంకో సంగతి కూడా ఆ విచారణలో బయటపడింది. రిగ్‌ మొత్తానికీ మోగాల్సిన అలారం దానంతటది మోగకుండా కట్టిపెట్టారనీ, తెల్లవారుజామున మూడింటికి తప్పుడు అలారాలతో జనం ఉలిక్కిపడి లేవకూడదనే అలా చేశారని తనకు చెప్పారనీ విలియమ్స్‌ సాక్ష్యమిచ్చాడు.

అందరూ సరిగ్గానే చేస్తే..?

ఈ రెండు ఘటనలూ తెలిశాక పరిష్కారం తేలికే అనిపిస్తుంది. గ్యాస్‌ అలారం నుంచి ఏసీ ప్యానెల్‌కి ఒక వైరు లాగితే పోలేదా? సరిగ్గా అక్కడే అసలు తలనొప్పి మొదలవుతుంది.

ప్లాట్‌ఫామ్‌ మీద మూడు మెదళ్లుంటాయి. గ్యాస్‌ ఉత్పత్తిని నడిపేది ఒకటి. మంటనూ గ్యాస్‌నూ పసిగట్టి అన్నీ ఆపేది ఒకటి. ఏసీని నడిపేది మరొకటి. తరచూ ఈ మూడింటినీ మూడు కంపెనీలు, కొన్నిసార్లు మూడు దేశాల్లో తయారుచేస్తాయి. ఎవరి మెదడు వారి పని సరిగ్గానే చేస్తుంది. కలిపితేనే చిక్కు.

ఓ ఉదాహరణ చూద్దాం. ఏసీకి ఎప్పుడూ రెండు ఫ్యాన్లుంటాయి. ఒకటి తిరుగుతుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. మొదటిది పాడై గాలి తగ్గితే రెండోది దానంతటది మొదలవ్వాలి. మంచి ఏర్పాటే. ఇప్పుడు బయట గ్యాస్‌ లీకైంది. గ్యాస్‌ వ్యవస్థ మొదటి ఫ్యాన్‌ను ఆపేసింది. అదీ మంచి పనే. కానీ ఏసీ మెదడుకు కనిపించిందేంటి? 'గాలి తగ్గింది. ఫ్యాన్‌ పాడైనట్టుంది. రెండోది వెయ్యాలి!' అంతే... రెండో ఫ్యాన్‌ తిరగడం మొదలెట్టి బయటి గ్యాస్‌ను శ్రద్ధగా లోపలికి లాగుతుంది. ఇద్దరూ తమ డ్యూటీ చేశారు. ఒకరు ఎందుకు ఆపారో రెండోవారికి తెలియలేదు, అంతే. అందుకే గ్యాస్‌ ఆజ్ఞ ఒక్క ఫ్యాన్‌కి కాకుండా ఏసీ మెదడుకే చేరాలి, దాని మిగతా ఆలోచనలన్నిటినీ పక్కకు నెట్టాలి. కరెంటు పోయి వచ్చినా మన ఇంటి ఏసీలా దానంతటది మొదలవ్వకూడదు. మనిషి వచ్చి, అంతా బాగుందని చూసి, బటన్‌ నొక్కాలి.

హీటర్‌దీ ఇలాంటి పేచీయే. గాలి ఆడకపోతే హీటర్‌ కాలిపోతుంది. కాబట్టి హీటర్‌ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఫ్యాన్‌ తిరగాలన్నది ఏసీ నియమం. గ్యాస్‌ వస్తే ఫ్యాన్‌ తక్షణం ఆగాలన్నది భద్రతా నియమం. ఎవరిది నెగ్గాలి? భద్రతదే. అయితే గాలి లేకుండా హఠాత్తుగా ఆగినా ప్రమాదకరమైన వేడికి చేరని హీటర్‌ని మొదటే ఎంచుకోవాలి. ఇలా ఓ కంట్రోల్‌ ప్యానెల్‌లో తీసుకున్న నిర్ణయం ఎక్కడో ఫ్యాక్టరీలో తయారయ్యే హీటర్‌ని మార్చేస్తుంది.

ఇక భాష దగ్గర వచ్చే తేడా మరీ చిత్రమైనది. ప్లాట్‌ఫామ్‌ మీద భద్రతా వైర్లలో మామూలు రోజున కరెంటు పారుతూనే ఉంటుంది. ఆగిందంటే ప్రమాదమని అర్థం. వైరు తెగినా అలారమే మోగుతుంది. రైల్లో గొలుసు లాగడం గుర్తుందా? బ్రేకు గొట్టంలో నిండుగా ఉండే గాలి పోగానే బ్రేకులు పడిపోతాయి. గొట్టం పగిలినా బండి ఆగుతుంది. ఇదీ అంతే. గాలి మార్గాల్లో ఉండే డ్యాంపర్లనే ఇనుప రెక్కలు కూడా స్ప్రింగ్‌కి ఎదురుగా బలవంతంగా తెరిచి పట్టుకున్నవే. కరెంటో గాలి పీడనమో పోగానే స్ప్రింగ్‌ వాటిని కొద్ది సెకన్లలో మూసేస్తుంది. అయితే ఏసీ తయారుచేసినవారు దీన్ని తిరగేసి, కరెంటు వస్తేనే ప్రమాదం అని రాసుకున్నారనుకోండి. రెండు ప్యానెళ్లూ విడివిడిగా పరీక్షలో పాసవుతాయి. కలిపాక మాత్రం ఒకరి 'అంతా క్షేమం' రెండోవారికి 'ఆపేయ్‌' అని వినిపిస్తుంది. లేదా... 'ఆపేయ్‌' అన్నది 'క్షేమం' అని వినిపిస్తుంది. మొదటిది చికాకు. రెండోది చావు.

ప్రాణాలున్న పట్టిక

ఈ పేచీలన్నింటినీ తేల్చేది ఓ పెద్ద పట్టిక. స్కూలు టైంటేబుల్‌లా అడ్డం, నిలువు గళ్లుంటాయి. ఎడమపక్క కారణాలు... ఫలానా గాలి మార్గం దగ్గర గ్యాస్‌, ఫలానా గదిలో పొగ, ఫలానా తలుపు దగ్గర పీడనం తగ్గడం. పైవరుసలో ఫలితాలు... ఈ ఫ్యాన్‌ ఆగాలి, ఆ డ్యాంపర్‌ మూసుకోవాలి, ఆ హీటర్‌కి కరెంటు పోవాలి. ఏ కారణానికి ఏ ఫలితమో ఆ గడిలో గుర్తు పెడతారు. మూడు కంపెనీలవాళ్లూ, ప్లాట్‌ఫామ్‌ నడిపేవాళ్లూ ఒకేచోట కూర్చుని ఒక్కో గడి దగ్గరా వాదించుకుంటారు.

వాదన ఎందుకంటే అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. బ్యాటరీల గదినే తీసుకోండి. ఛార్జింగ్‌ అవుతున్న బ్యాటరీల నుంచి హైడ్రోజన్‌ వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే చాలు, అంటుకుంటుంది. కాబట్టి అక్కడి గాలి తోడే ఫ్యాన్‌ను ఆపేస్తే లోపలే బాంబు తయారవుతుంది. ఫ్యాన్‌ ఆగితే ముందు ఛార్జింగ్‌ ఆగాలని ఆ గడిలో రాస్తారు. అలాగే గాలి మార్గాన్ని మూసేస్తే నివాస గదుల్లో అయిదు మిల్లీమీటర్ల కోట కూలిపోతుంది. అప్పుడు ఏ పరికరాలకు కరెంటు తీసేయాలి, అలారాలూ అత్యవసర దీపాలూ వైర్‌లెస్‌లాంటివి వేటిని ఉంచాలి? ఉంచేవాటినుంచి నిప్పురవ్వ పుట్టకుండా మొదటే ప్రత్యేకంగా తయారుచేయించాలి.

తప్పుడు అలారాల సంగతీ ఇక్కడే తేలాలి. అవి ఎక్కువైతే జనం అలారాన్నే కట్టిపెడతారని డీప్‌వాటర్‌ హొరైజన్‌ చూపించింది కదా. అందుకే ఒకచోట మూడు పరికరాలు పెడతారు. ఒకటి గ్యాస్‌ అంటే కంట్రోల్‌ రూములో హెచ్చరిక. మూడింటిలో రెండు అంటే ఎవరినీ అడగకుండా ఫ్యాన్లు ఆగిపోతాయి. పరికరం పాడై అబద్ధం చెప్పినా పంచాయతీలో మిగతా రెండూ దాన్ని తోసిపుచ్చుతాయి. ఇక మోతాదు... గ్యాస్‌ అంటుకునే 5 శాతం దాకా ఎవరూ ఆగరు. సాధారణంగా అందులో అయిదోవంతుకే, అంటే గాలిలో ఒక్క శాతానికే మొదటి గంట మోగుతుంది. గాలి మార్గాల దగ్గర అంతకన్నా ముందే మోగేలా కూడా పెడుతుంటారు.

పట్టిక తయారయ్యాక పరీక్ష. ప్యానెళ్లను ముందు ఫ్యాక్టరీలో, తర్వాత ఒడ్డున, ఆఖరికి సముద్రంలో పరీక్షిస్తారు. ఒడ్డున గంటలో అయిపోయే మార్పుకి సముద్రంలో రోజులు పడుతుంది. మనిషిని హెలికాప్టర్‌లో తీసుకెళ్లాలి, పడుకోవడానికి మంచం ఖాళీ ఉండాలి, గ్యాస్‌ ఉత్పత్తి ఆపాల్సి రావచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఒడ్డునే మొండికేస్తారు. స్క్రీన్‌ మీద 'డ్యాంపర్‌ మూసుకుంది' అని వస్తే ఒప్పుకోరు. టార్చిలైటు పట్టుకుని వెళ్లి రెక్క నిజంగా మూసుకుందో లేదో చూస్తారు. ఆ రెక్క ఇరుసుకు ఉప్పు పట్టి సగంలో ఆగిపోయి ఉండొచ్చు మరి!

వూపిరి బిగపట్టాక...

సరే, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. గ్యాస్‌ వచ్చింది, ఫ్యాన్లు ఆగాయి, డ్యాంపర్లు మూసుకున్నాయి. ఇప్పుడు లోపలున్నవాళ్ల సంగతి? మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. వందమంది ఓ హాల్లో చేరితే పది ఇస్త్రీపెట్టెలు వేసినట్టే. దానికితోడు వాళ్లు వదిలే కార్బన్‌డయాక్సైడ్‌. తాజా గాలి ఆగిపోయింది కాబట్టి రెండూ పెరుగుతూ పోతాయి. చుట్టుపక్కల మంటలుంటే గోడలూ వేడెక్కుతాయి. కంట్రోల్‌ రూములో అప్పటికీ పనిచేయాల్సిన కంప్యూటర్లు వేడికి మొరాయించకూడదు.

అందుకే లోపలి గాలినే తిప్పి చల్లబరిచే ఏర్పాటుని చాలాచోట్ల విడిగా ఉంచుతారు. బయటి గాలికి తలుపు మూసినా ఇది నడుస్తుంది. ఎంతసేపు? పడవల్లోకి ఎక్కించేదాకానో, ప్రమాదం అదుపులోకి వచ్చేదాకానో. ఆ లెక్కను ఆ ప్లాట్‌ఫామ్‌ కట్టడానికి ముందే వేస్తారు. ఎంతమంది పడతారు, ఎంత గాలి ఉంది, పొగ ఎంత వేగంగా చొరబడుతుంది... అన్నీ కలిపి.

మన దగ్గరా అంతటి చేదు అనుభవం ఉంది. 2005 జులై 27న ముంబై హై నార్త్‌ ప్లాట్‌ఫామ్‌ను ఓ సహాయక నౌక ఢీకొని గ్యాస్‌ గొట్టం తెగడంతో ప్లాట్‌ఫామ్‌ కాలి కూలిపోయింది. అక్కడ తప్పు ఏసీది కాకపోయినా నడిసముద్రంలో మంట ఎంత వేగంగా వ్యాపిస్తుందో దేశం చూసింది. 362మందిని కాపాడగలిగారు, 22మంది దక్కలేదు. సముద్రంలో చమురు, గ్యాస్‌ పనులకు ప్రత్యేక భద్రతా నిబంధనలు 2008లో వచ్చాయి. వాటి అమలును చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్‌ చూస్తుంది. కేజీ-డీ6 నుంచి గ్యాస్‌ గాడిమొగ తీరానికి రావడం ఆ మరుసటి ఏడాది, 2009 ఏప్రిల్‌లో మొదలైంది. కాకినాడ తీరానికి ఎదురుగానే ఓఎన్‌జీసీ లోతునీళ్ల క్షేత్రం నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. మన తీరానికి ఎదురుగా ఇలాంటి ఉక్కు వూళ్లలో వెలిగే దీపాలు ఇంకా పెరుగుతాయి.

వాటిమీద ఉద్యోగం చేసేవాళ్లు ఏసీ గురించి పెద్దగా మాట్లాడరు. అది నడుస్తున్నంతసేపూ దాని చప్పుడు కూడా వాళ్లకు వినిపించదు. ఏదో ఒక రాత్రి ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం అందరికీ మెలకువ వస్తుంది. మనలా రిమోట్‌ కోసం తడుముకోరు. మంచం పక్కనే పెట్టుకున్న లైఫ్‌జాకెట్‌ తీసుకుని, లెక్క చెప్పాల్సిన చోటికి నడుస్తారు. చాలాసార్లు అది పరీక్షే అయి ఉంటుంది, లేదంటే ఉప్పుపట్టిన పరికరం పలికిన అబద్ధం. కాసేపటికి ఎవరో వెళ్లి, డ్యాంపర్లు చూసి, బటన్‌ నొక్కుతారు. మళ్లీ చల్లగాలి వస్తుంది. నిద్ర చెడిందని ఎంత విసుగొచ్చినా ఆ అలారాన్ని కట్టిపెట్టకపోవడంలోనే ఉంది వాళ్ల క్షేమమంతా!